ఇల్లు కారితే నష్టం ఎవరిది?



అద్దె ఇంటి తగాదాలు మన విచారణలకు కొత్త కాదు. ఇంటి యజమాని, అద్దెకున్నవారు ఒకే గుడికి వస్తారు, ఒకే పూజలో పాల్గొంటారు, గుడి దాటాక ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. కారణం అడిగితే చాలాసార్లు బయటపడేది చిన్న సంగతే. కారిన కప్పు, పగిలిన గొట్టం, ఒరిగిన ప్రహరీ గోడ, వాటివల్ల పాడైన సామాను. ఆ నష్టం మీరు భరించాలంటే మీరే భరించాలని ఇరుపక్షాలూ పట్టుబడతాయి. చివరికి విచారణ గురువుల దగ్గరకో, పెద్దమనుషుల దగ్గరకో వెళ్తారు. తీరా అక్కడికి వెళ్లాక, తప్పెవరిదో తేల్చడానికి కావలసిన చిన్న కాగితం ముక్క కూడా ఎవరి దగ్గరా ఉండదు.

తిరువూరునే తీసుకోండి. 2011లో నగర పంచాయతీ అయింది. 2022 ఏప్రిల్‌లో ఎన్.టి.ఆర్. జిల్లా ఏర్పడినప్పుడు రెవెన్యూ డివిజనుకు కేంద్రం కూడా అయింది. విజయవాడ నుంచి భద్రాచలం, జగదల్‌పూర్ వైపు వెళ్లే జాతీయ రహదారి మీద, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఊరు. ఇలాంటి ఊళ్లకు ఉద్యోగం కోసం, వ్యాపారం కోసం, పిల్లల చదువుల కోసం చుట్టుపక్కల పల్లెల నుంచి కుటుంబాలు వచ్చి అద్దెకు దిగుతాయి. ఇళ్లు కట్టినవారి పిల్లలేమో హైదరాబాదులోనో, ఇంకా దూరాననో స్థిరపడతారు. అంటే ఇంట్లో ఉండేవారు ఒకరు, దానిని బాగుచేయించవలసినవారు మరెక్కడో. డాబా మీద నీళ్లు నిలిచిన సంగతి తెలిసేది ఇక్కడున్నవారికి, ఖర్చు పెట్టవలసింది అక్కడున్నవారు. తగాదా పుట్టేది ఈ ఎడంలోనే.

ఒక ఇంటిని ఊహించుకుందాం. బస్టాండుకు వెనక వీధిలో ముప్పై ఏళ్ల నాటి శ్లాబు ఇల్లు. అద్దె నెలకు 5,000 రూపాయలు, అడ్వాన్సు 10,000. భర్త ఎరువుల కొట్లో గుమాస్తా. భార్య ఇంటి దగ్గరే కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఇద్దరు పిల్లలు. యజమాని హైదరాబాదులో ఉంటారు. వీరు దిగిన రెండో ఏడు ఆగస్టు ముసురుకు ముందుగది కప్పు మీద అరచేయంత చెమ్మ మరక కనిపించింది. ఆమె ఫోను చేసి చెప్పింది. "ఇప్పుడు వానల్లో ఏం చేస్తామమ్మా, వచ్చే ఎండాకాలంలో చూద్దాం" అన్నారు యజమాని. ఎండాకాలం వచ్చింది, పోయింది. ఆయన మరచిపోయారు, వీరూ గుర్తు చేయలేదు. మూడో ఏడు జూలైలో ఒక రాత్రి పెద్ద పెచ్చు ఊడి మిషను మీద పడింది. మిషను పగిలింది. దాని పక్కనే ఉన్న పెళ్లివారి పట్టు జాకెట్లు బురదనీటిలో తడిసిపోయాయి. పిల్లలు ఆ రాత్రి లోపలి గదిలో పడుకున్నారు కాబట్టి బతికారు.

యజమాని వచ్చి మేడ ఎక్కి చూశారు. నీళ్లు పోయే తూముకు పక్కింటి వేపచెట్టు ఆకులు అడ్డంపడి ఉన్నాయి. "ఈ గుప్పెడు ఆకులు తీసివేయడానికి మీకు చేతులు రాలేదా? మీ నిర్లక్ష్యం వల్ల నా శ్లాబు పాడైంది. అడ్వాన్సు తిరిగి ఇవ్వను" అన్నారు. "సంవత్సరం కిందటే చెప్పాం, మీరే పట్టించుకోలేదు. మా మిషను ఖరీదు, జాకెట్ల ఖరీదు మీరే కట్టండి" అన్నారు వీరు.

తీర్పు మీరు చెప్పవలసి వస్తే ఏం చెబుతారు? తొందరపడకండి. ముందు ఆ శ్లాబు ఎలా పాడైందో ఒక మేస్త్రిని అడుగుదాం.

శ్లాబు ఒక్క వానకు పాడవదు. కట్టేటప్పుడు పెట్టిన వాటం తగ్గి, లేదా తూము మూసుకుపోయి నీళ్లు నిలుస్తాయి. ఎండకు వ్యాకోచించి, చలికి ముడుచుకునే శ్లాబులో సన్నని నెర్రెలు సహజంగానే పడతాయి. నిలిచిన నీరు ఆ నెర్రెల్లోంచి దిగి లోపలి ఇనుప కడ్డీలను చేరుతుంది. కడ్డీ తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. చోటు చాలక కింది సిమెంటును తోస్తుంది. మొదట చెమ్మ మరక, తరువాత కడ్డీ వెంట గీతలా ఒక బీట, తరువాత ఉబ్బు, చివరకు పెచ్చు. ఉబ్బిన చోట కర్రతో తడితే డొల్ల చప్పుడు వస్తుంది. మరక స్థాయిలో ఉన్నప్పుడు తూము శుభ్రం చేసి పైన నెర్రెలు పూడ్పిస్తే సరిపోయేది. పెచ్చు ఊడే దశలో కడ్డీలు గీకి, కొత్త సిమెంటు పట్టించి, ఒక్కొక్కసారి శ్లాబే మార్చవలసి వస్తుంది. అంటే ఇక్కడ కారణాలు మూడు. ఆకులు మూసిన తూము ఒకటి, వయసు మీదపడిన శ్లాబు ఇంకొకటి, చెప్పిన తరువాత గడిచిపోయిన పదకొండు నెలలు మూడోది. నా దృష్టిలో ఎక్కువ బరువు మూడోదానిదే.

చట్టం ఏమంటుంది?

మన దేశంలో అద్దెలకు మూలమైన చట్టం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. దానిలో 108వ సెక్షను యజమానికి, అద్దెదారుకు ఉన్న హక్కులు, బాధ్యతలు చెబుతుంది. ఒక సంగతి మొదటే గమనించండి. ఇద్దరి మధ్య వేరే ఒప్పందం గానీ, ఆ ఊరి ఆచారం గానీ లేనప్పుడే ఈ సెక్షను వర్తిస్తుంది. కాబట్టి మీరు సంతకం చేసిన అద్దె కాగితంలో ఏమున్నదో ముందు చదవాలి. మనలో చాలామంది పదకొండు నెలల కాగితం మీద చదవకుండా సంతకం చేస్తారు. ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలి కాబట్టి ఆ పదకొండు నెలల అలవాటు వచ్చింది. కాగితం చిన్నదే, రెండుసార్లు చదివినా పది నిమిషాలు పట్టదు.

ఆ సెక్షను యజమానికి విధించే మొదటి బాధ్యత దాచకపోవడం. అద్దెకున్నవారు మామూలు జాగ్రత్తతో చూసినా కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఇంట్లో ఉండి, అది తనకు తెలిసి ఉంటే, యజమాని ముందే చెప్పాలి. వానాకాలంలో కారుతుందని తెలిసిన కప్పుకు ఏప్రిల్‌లో వెల్ల వేయించి, మరకలు మూసి, మే నెలలో అద్దెకివ్వడం ఈ బాధ్యతను తప్పడమే. ఇది మన ఊళ్లలో అరుదేమీ కాదు.

మరమ్మతుల విషయంలో మాత్రం ఈ చట్టంలో ఒక మెలిక ఉంది. యజమాని తాను చేయించవలసిన మరమ్మతును, నోటీసు అందిన తరువాత తగిన సమయంలో చేయించకపోతే, అద్దెదారు తానే చేయించుకుని ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చునని 'ఎఫ్' క్లాజు చెబుతుంది. చాలా మంచి మాట. అయితే యజమాని చేయించవలసిన మరమ్మతులు ఏవో ఆ చట్టం జాబితాగా ఇవ్వలేదు. ఒప్పందంలో రాసుకున్నవి గానీ, ఆచారంగా వస్తున్నవి గానీ చూడాలి. అందుకే కాగితం మీద "కప్పు, గోడలు, కరెంటు వైరింగు, భూమిలోని గొట్టాలు యజమాని బాధ్యత" అని ఒక్క వాక్యం ఉంటే సగం తగాదాలు పుట్టవు.

అద్దెదారుకు కూడా ఆ సెక్షనే బాధ్యతలు విధిస్తుంది. సామాన్య వివేకం గల మనిషి తన సొంత ఇంటిని చూసుకున్నట్లు అద్దె ఇంటిని చూసుకోవాలి. దిగినప్పుడు ఉన్న స్థితిలోనే తిరిగి అప్పగించాలి. వాడకం వల్ల వచ్చే సహజమైన అరుగుదల, మనిషి చేతిలో లేని ఉపద్రవం, ఈ రెండింటికీ మాత్రం మినహాయింపు. తగిన వేళల్లో యజమాని వచ్చి ఇల్లు చూసుకుంటానంటే ఒప్పుకోవాలి. అద్దెదారు చేతల వల్ల గానీ, చేయకపోవడం వల్ల గానీ ఏదైనా చెడి, యజమాని నోటీసు ఇస్తే, మూడు నెలల్లో బాగుచేయించాలి. 'ఎం' క్లాజులోని మాట ఇది.

సహజమైన అరుగుదల అంటే ఏమిటని అడుగుతారు. ఐదేళ్లలో గోడ రంగు వెలిసిపోవడం, గడప అరగడం, పాత తలుపు బందులు వదులు కావడం, గచ్చు నున్నబడటం. వీటికి అడ్వాన్సులో కోత వేయడం న్యాయం కాదు. గోడ నిండా మేకులు కొట్టి పెచ్చులు లేపడం, పగిలిన కుళాయిని నెలల తరబడి అలాగే వదిలి గోడకు చెమ్మ ఎక్కించడం, కట్టెలపొయ్యి శ్లాబు గదిలో పెట్టి కప్పును మసి చేయడం అరుగుదల కాదు, పాడుచేయడమే. చెదల సంగతి మధ్యలోది. చెద పట్టడం అద్దెదారు తప్పు కాదు. ద్వారబంధం వెంట మట్టి చాలు ఎక్కుతుంటే ఏడాది పాటు చూస్తూ ఊరుకోవడం మాత్రం ఆయన తప్పే.

ఈ అస్పష్టతను తగ్గించడానికి కేంద్ర ప్రభుత్వం 2021 జూన్‌లో ఒక నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించి రాష్ట్రాలకు పంపింది. నమూనా కాబట్టి రాష్ట్రం తన చట్టంలో చేర్చుకున్నంత మేరకే అది అమలవుతుంది. అయినా అందులోని పంపకం ఎవరైనా తమ అద్దె కాగితంలో రాసుకోదగినంత సూటిగా ఉంది. కట్టడానికి సంబంధించిన మరమ్మతులు, గోడలకు వెల్ల, తలుపులు కిటికీలకు రంగు, అవసరమైనప్పుడు గొట్టాలు మార్చడం, లోపలా బయటా వైరింగు, ఇవి యజమానివి. కుళాయిలు, వాటి వాషర్లు మార్చడం, కాలువలు శుభ్రం చేయించడం, మరుగుదొడ్డి, వాష్‌బేసిను చిన్న మరమ్మతులు, స్విచ్చులు, ప్లగ్గులు, తాళాలు, కిటికీ అద్దాలు, వాడుకునే పెరడు, ఇవి అద్దెదారువి. యజమాని చేయించకపోతే అద్దెదారు చేయించి మినహాయించుకోవచ్చు గానీ, ఏ నెలలోనైనా అద్దెలో సగానికి మించి కోత వేయరాదు. అలాగే ఇంటి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదని కూడా ఆ నమూనాలో ఉంది.

మళ్లీ ఆ ఇంటికి వద్దాం

తూము శుభ్రం చేయడం ఎవరి పని? మేడ మెట్ల తాళం యజమాని దగ్గరే ఉంటే అది అద్దెదారు మీద వేయకూడదు. వీరు ఆ డాబా మీదే బట్టలు ఆరేసుకుని, వేసవిలో వడియాలు పెట్టుకుంటూ ఉంటే, గుప్పెడు ఆకులు తీయడం వీరి పనే. ఇక శ్లాబు నెర్రెలు వయసు వల్ల వచ్చినవి. అవి యజమానివి. తూము మూసుకున్నందువల్ల శ్లాబు త్వరగా చెడిందన్నది నిజమే కావచ్చు, కానీ బాగున్న శ్లాబు నాలుగు రోజులు నీళ్లు నిలిచినంత మాత్రాన పెచ్చులూడదు. పైగా మరక సంగతి చెప్పిన తరువాత మొత్తం ఎండాకాలం గడిచింది. తగిన సమయం అంటే అంతకంటే ఎక్కువ ఉండదు. కాబట్టి శ్లాబు ఖర్చు అద్దెదారు అడ్వాన్సులోంచి తీసుకోవడం తగదు.

మిషను, జాకెట్ల మాట వేరు. యజమాని ఆలస్యం వల్లనే ఈ నష్టం వచ్చిందని ఆమె వాదించవచ్చు. అయితే 1872 నాటి ఒప్పందాల చట్టం 73వ సెక్షను ప్రకారం నష్టం లెక్కకట్టేటప్పుడు, దానిని తగ్గించుకునే మార్గం బాధితుడి చేతిలో ఉన్నదా అని కూడా చూస్తారు. మరక కింద పదకొండు నెలలు మిషను ఉంచడం, కస్టమర్ల పట్టుబట్టలు అక్కడే పెట్టడం జాగ్రత్త కాదు. మిషను నాలుగడుగులు పక్కకు జరిపి ఉంటే పూర్తి నష్టం అడగగలిగేది. నేనైతే శ్లాబు మొత్తం యజమానికి, సామాను నష్టంలో పెద్ద భాగం యజమానికి, కొంత అద్దెదారుకు అంటాను. మీరు వేరుగా పంచవచ్చు. కానీ ఆమె ఫోనులో చెప్పిన మాటకు సాక్ష్యం లేదు. ఆయన "నాకెవరూ చెప్పలేదు" అంటే ఈ లెక్క అంతా తలకిందులు అవుతుంది.

ఈ విషయంలో వేదగ్రంథం మనకు పరిచయమైన పాఠమే చెబుతుంది. నిర్గమకాండం 21వ అధ్యాయంలో పొడిచే ఎద్దు సంగతి చూడండి. ఎద్దు ఎన్నడూ లేనిది ఒక్కసారి పొడిచి ఎవరినైనా చంపితే యజమాని నిర్దోషి. దానికి పొడిచే అలవాటున్నదని ముందే హెచ్చరించినా కట్టివేయకపోతే యజమానిదే నేరం. తేడా అంతా హెచ్చరిక దగ్గరే ఉంది. లేవీయకాండం 14వ అధ్యాయంలో ఇంటి గోడలకు పట్టే బూజుతెగులు గురించి ఉంది. ఇంటివాడు తానే వెళ్లి యాజకునికి తెలియజేయాలి. యాజకుడు చూడటానికి రాకముందే ఇంట్లోని సామానంతా బయట పెట్టించాలి. తరువాత ఏడు రోజులు చూడాలి, చెడిన రాళ్లు తీసి వేరేవి పెట్టాలి, గోడలు గీకి కొత్త పూత పూయాలి, అప్పటికీ తగ్గకపోతేనే ఇల్లు కూల్చాలి. ముందు తెలియజేయడం, ఆ వెంటనే సామాను కాపాడుకోవడం, తరువాత మరమ్మతు. మిషను పోగొట్టుకున్న మన ఇంట్లో జరగనివి ఈ మూడే.

వాన మీద నెపం

"దేవుడు కురిపించిన వానకు నేనేం చేస్తాను?" అనే మాట తరచుగా వింటాము. చట్టంలో దైవఘటన అనే మినహాయింపు నిజంగానే ఉంది. కానీ ప్రతి వానా దైవఘటన కాదు. 1958లో వెలువడిన మధ్యప్రదేశ్ హైకోర్టు తీర్పు ఒకటి న్యాయవాదులందరికీ తెలిసినదే. వానకు ఒక గోడ కూలి ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఆ రోజు కురిసిన వాన 2.66 అంగుళాలు, అంటే సుమారు 68 మిల్లీమీటర్లు. వానాకాలంలో ఆ మాత్రం వాన ఊహించదగినదే, దానికి తట్టుకునేలా గోడను ఉంచుకోవలసింది యజమానే అని కోర్టు చెప్పింది. కృష్ణా తీరంలో ఆ మాత్రం వాన చూడనివారు మనలో ఎవరున్నారు?

దీనికి భిన్నమైనది 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో విజయవాడలో జరిగినది. బుడమేరు పొంగి సింగ్‌నగర్ వంటి ప్రాంతాల్లో ఇళ్లలోకి మనిషి లోతు నీళ్లు వచ్చాయి. అటువంటి వరద వల్ల గోడ దెబ్బతింటే అద్దెదారును అడగడానికి లేదు, అద్దెదారు టీవీ పాడైందని యజమానిని అడగడానికీ లేదు. వరద, తుపాను, అగ్ని వంటి ఉపద్రవం వల్ల ఇంట్లో ముఖ్యభాగం పూర్తిగా నాశనమైనా, శాశ్వతంగా పనికిరాకుండా పోయినా అద్దెదారు తన ఇష్టం మీద ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చునని 108వ సెక్షనే చెబుతుంది. ఆ నష్టం ఆయన తప్పు వల్ల వచ్చినదైతే మాత్రం ఆ హక్కు ఉండదు. ఇటువంటి వేళ ఇద్దరినీ ఆదుకునేది బీమా. యజమాని ఇంటికి చేసిన బీమా అద్దెదారు సామానుకు వర్తించదు. సామానుకు అద్దెదారే వేరుగా చేయించుకోవాలి. ఈ సంగతి చాలామందికి నీళ్లు దిగిపోయాక తెలుస్తుంది.

ఇంటి బయట నడిచేవారు

ఇంతవరకు ఇద్దరి మధ్య లెక్క. మూడో మనిషికి దెబ్బ తగిలితే యజమాని, అద్దెదారు ఒకరినొకరు చూపించి తప్పించుకోలేరు. ఢిల్లీ చాందినీ చౌక్‌లోని గడియార స్తంభం కూలి దారినపోయేవారు చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 1966లో తీర్పు చెప్పింది. ఆ కట్టడం వయసు 80 ఏళ్లు. అందులో వాడిన సున్నం సాధారణంగా 40, 45 ఏళ్లు మాత్రమే నిలుస్తుంది. లోపం పైకి కనిపించలేదన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు. రోడ్డు పక్కన పాత కట్టడం ఉన్నవారు దానిని ఎప్పటికప్పుడు పరీక్షించుకుంటూ ఉండవలసిందేనని, అక్కడి మునిసిపల్ కార్పొరేషను నష్టపరిహారం కట్టవలసిందేనని తేల్చింది. ప్రభుత్వ సంస్థకే మినహాయింపు లేనప్పుడు మన గుడి స్థలాల్లో అద్దెకిచ్చిన కొట్లకు, ఇళ్లకు ఉంటుందని అనుకోవద్దు.

తెలుగు నేల మీద సికింద్రాబాదులో 2013 జూలై 8వ తేదీ ఉదయం, హోటలు నడుస్తున్న ఒక పాత భవనం కూలి పదిమందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. అటువంటి భవనంలో వ్యాపారం చేసేవారు గానీ, దాని మీద అద్దె తీసుకునేవారు గానీ "గోడ నాది కాదు" అని చెప్పి నిద్రపోగలరా? నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను కింద ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు.

ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో, కొత్త ఇల్లు కట్టేవారు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని, అక్కడి నుంచి ఎవరైనా పడి చనిపోతే ఆ రక్తదోషం ఇంటివారిదేనని ఉన్నది. మన డాబాల మీద ఆ పిట్టగోడల సంగతి ఒకసారి చూడండి. గోడ నెర్రెలో రావి మొక్క మొలిచి ఉంటుంది. చేతితో పీకితే పైమొక్క తెగి వేరు లోపలే ఉండిపోతుంది, మరుసటి ఏడు మరింత లావవుతుంది. చిన్నప్పుడే వేరుతో సహా తీసి సిమెంటు పూయాలి. ఇది అద్దెదారు పనా, యజమాని పనా అంటే గోడ యజమానిది. కానీ రోజూ ఆ గోడ పక్కనుంచి పిల్లలతో నడిచేది అద్దెదారే. చూసినవారు చెప్పాలి, విన్నవారు తీయించాలి.

రెండు పక్షాల్లోనూ కనిపించే కొన్ని పొరపాట్లు చెబుతాను. కప్పు కారుతోందని అద్దె పూర్తిగా ఆపివేయడం తప్పు. అద్దె ఆపినవాడు ఎగవేతదారుగా కోర్టు ముందు నిలబడతాడు, కారిన కప్పు సంగతి వెనక్కు పోతుంది. చెప్పకుండా మేస్త్రిని పిలిచి పని చేయించి, తరువాత లెక్క చూపించడం కూడా తప్పే. నోటీసు, గడువు లేనిదే 'ఎఫ్' క్లాజు మీ పక్షాన ఉండదు. యజమాని వైపు నుంచి, ఖాళీ చేయించడానికి నీళ్లు, కరెంటు ఆపివేయడం అన్నిటికంటే హీనమైనది. మరమ్మతు చేయించకుండా ఇల్లు దానంతట అదే చెడిపోతే అద్దెదారు వెళ్లిపోతాడని ఎదురుచూడటం దానికి తమ్ముడు.

అద్దెకిచ్చేవారందరూ ధనవంతులు కారు. ముందు భాగం అద్దెకిచ్చి ఆ డబ్బుతోనే మందులు కొనుక్కునే వితంతువులు మన విచారణల్లో ఉన్నారు. అటువంటి తల్లి దగ్గర ఒక్కసారిగా ఇరవై వేల రూపాయలు ఎక్కడినుంచి వస్తాయి? అద్దెదారుకు చేతిలో డబ్బుంటే తానే పని చేయించి, నెలకు వెయ్యి చొప్పున అద్దెలో తగ్గించుకోవచ్చు. ఆ మాట అద్దె రశీదు వెనక రాసి ఇద్దరూ సంతకం చేస్తే చాలు. చట్టం అడ్డు చెప్పదు.

ఒకరి ఆస్తిని తెలిసి పాడుచేసినవారు, నిలిపి ఉంచుకోరాని అడ్వాన్సును నిలిపి ఉంచుకున్నవారు దానికి పరిహారం చెల్లించాలన్నది ఏడవ ఆజ్ఞ కింద మన సత్యోపదేశం చెప్పేదే. పాపసంకీర్తనంలో చెప్పుకున్నంత మాత్రాన ఆ బాకీ తీరదు.

మాటతో తేలనప్పుడు కోర్టుకే పోనక్కరలేదు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం కింద లోక్ అదాలత్‌లు ఉన్నాయి. కేసు వేయకముందే అక్కడ రాజీకి ప్రయత్నించవచ్చు. కోర్టు ఫీజు ఉండదు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీకి ఉన్నంత బలం ఉంటుంది, దానిమీద అప్పీలు లేదు. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. అయితే అక్కడికి వెళ్లినా మొదట అడిగేది ఒకటే, ఎప్పుడు చెప్పారు, ఎలా చెప్పారు అని.

అందుకని మరక కనిపించిన రోజే ఒక ఉత్తరం రాయండి. ఫోటో తీసి వాట్సాప్‌లో పంపినా మంచిదే, దానికీ సాక్ష్యం విలువ ఉంది. అయినా కాగితం మీద రాసి పోస్టులో కూడా పంపండి. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపివేశారు కాబట్టి స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచుకోండి. యజమానులు కూడా ఇల్లు అప్పగించే రోజున, తిరిగి తీసుకునే రోజున గది గదికీ ఫోటోలు తీసి ఉంచుకుంటే తరువాత వాదన ఉండదు. ఉత్తరానికి పెద్ద భాష అక్కరలేదు. ఇలా రాస్తే సరిపోతుంది:

"అయ్యా, మీ ఇంట్లో ఫలానా తేదీ నుంచి అద్దెకు ఉంటున్నాము. ముందుగది కప్పు మీద తూర్పు మూలన సుమారు రెండు అడుగుల మేర చెమ్మ మరక ఫలానా తేదీన చూశాము. తట్టి చూస్తే డొల్ల చప్పుడు వస్తున్నది. డాబా మీద తూము శుభ్రం చేశాము, అయినా చెమ్మ తగ్గలేదు. ఫోటోలు జత చేస్తున్నాము. మేస్త్రి చూసి ఇంత ఖర్చు అవుతుందని చెప్పారు. ఆ గదిలోని సామాను పక్కకు జరిపాము. మీరు వచ్చి చూసుకోవడానికి ఏ రోజైనా మాకు అభ్యంతరం లేదు. దయచేసి ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో బాగుచేయించగలరు. వీలు కాకపోతే తెలియజేయండి, మేమే చేయించి రశీదులు మీకు పంపి, అద్దెలో కొద్దికొద్దిగా సర్దుబాటు చేసుకుంటాము."

కింద తేదీ, సంతకం పెట్టండి. నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకుని, పోస్టు రశీదును, పని పూర్తయ్యాక మేస్త్రి ఇచ్చిన రశీదును దానికే గుచ్చి, అద్దె కాగితంతో పాటు పెట్టెలో పెట్టండి.